మిషను ఆన్ చేయకముందు

"అన్నం తిన్నారా?" అని అడగొద్దు. "పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లో ఏమేం వేసుకున్నారు?" అని అడగండి.

ఈ తేడా తెలియక మొదటి ఆర్నెల్లలో నేను ఎన్ని రీడింగులు పాడుచేశానో లెక్కలేదు. "ఏమీ తినలేదు కదమ్మా?" అంటే, "లేదు సిస్టరమ్మా, అన్నం ముట్టలేదు" అంటారు. నిజమే, అన్నం ముట్టలేదు. బస్టాండులో నాలుగు ఇడ్లీలు, పైన ఒక టీ. మనవాళ్ల లెక్కలో అది తినడం కిందికి రాదు, ఏదో ఆకలికి ఆగడం. వాళ్లు అబద్ధం చెప్పలేదు. అడగడం నాకు చేతకాలేదు.

ఇది నర్సింగ్‌లోకి కొత్తగా వచ్చిన చెల్లెళ్లకు, తమ్ముళ్లకు రాస్తున్నాను. మనుషులతో పని ఉన్నవాళ్లు ఎవరైనా చదవొచ్చు. మాట్లాడేది మాత్రం ఒకే ఒక్క పని గురించి: బాడీ కాంపొజిషన్ టెస్టు. ఒంట్లో కొవ్వెంత, కండెంత, నీరెంత అని చూసే పరీక్ష. షుగరు క్లినిక్కుల్లో, డయాలసిస్ యూనిట్లలో, బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే చోట్ల, చివరికి జిమ్ముల్లో కూడా ఈ మిషన్లు కనిపిస్తున్నాయి. పుస్తకాల్లో వచ్చినవాళ్లను 'క్లయింట్' అంటారు, మనం అలవాటుగా పేషెంట్ అంటాం. ఈ పరీక్షకు వచ్చేవాళ్లలో జబ్బు లేనివాళ్లూ ఉంటారు కాబట్టి పుస్తకం మాటే సరైనదేమో గానీ, నాకు నోరు తిరగదు.

మిషను పని నిమిషాల్లో అయిపోతుంది. మన పని దానికి ముందు పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో మిమ్మల్ని చూడ్డానికి సూపర్‌వైజరు ఉండరు, రిజిస్టరులో దానికంటూ గడి ఉండదు. సరిగ్గా చేసినా ఎవరూ మెచ్చుకోరు, ఎగ్గొట్టినా ఎవరూ పట్టుకోరు. మీరు ఎలాంటి నర్సో తేలేది అక్కడే.

ముందు ఒక కథ దగ్గర పెట్టుకోండి, పనికొస్తుంది. "బరువు చూశారుగా, మళ్లీ ఇదెందుకు?" అని పేషెంట్లు అడుగుతారు. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్లు తమ ఫొటోనే పక్కపక్కన వేసుకుని చిన్న వ్యాసం రాశారు. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు లెక్క) అచ్చంగా ఒకటే, 22.3. డెక్సా అనే ఎక్స్‌రే స్కాన్‌లో చూస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. యుడ్కిన్ మారథాన్ పరుగెత్తే మనిషి. యాజ్ఞిక్ వ్యాయామమల్లా రోజూ పొద్దున ఆస్పత్రి లిఫ్టు తలుపులు మూసుకునేలోపు పరుగెత్తి అందుకోవడమేనని వాళ్లే సరదాగా రాసుకున్నారు. పైకి సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు దాచుకునే ఒళ్లు మనది. "మీ బరువు సరే పెద్దాయనా, ఆ బరువు దేనిదో చూద్దాం" అనండి. అరక్షణంలో అర్థమవుతుంది.

అడగడం ఒక విద్య

మిషను ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఏం అడగాలో దానంతటదే తెలుస్తుంది. చాలాచోట్ల ఉండేది బీఐఏ మిషను. ఒంట్లోకి మనిషికి తెలియనంత సన్నటి కరెంటు పంపుతుంది. నీరున్న చోట, అంటే కండలో, రక్తంలో కరెంటు సులువుగా సాగిపోతుంది. కొవ్వు దగ్గర అడ్డం తగులుతుంది. ఆ అడ్డాన్ని కొలిచి, దానికి ఎత్తు, బరువు, వయసు, ఆడా మగా అన్నవి జోడించి లెక్క కడుతుంది. గమనించండి, ఇది కొవ్వును చూడదు. నీటిని బట్టి కొవ్వును ఊహిస్తుంది. అంటే ఒంట్లో నీటిని కదిలించేది ఏదైనా సరే నంబరును కదిలిస్తుంది.

మే నెల మధ్యాహ్నం చెమటలు కక్కుతూ ఆటోస్టాండు నుంచి నడిచొచ్చి, గుక్కెడు నీళ్లయినా తాగనివాడిని పడుకోబెట్టి చూస్తే కొవ్వు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కాళ్లు ఉబ్బినవాడికి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. డయాలసిస్ పేషెంటుకు నీరు తీయకముందు చేశారో, మిషను ఆయన్ని పహిల్వాన్ అంటుంది. అందుకే వాళ్లకు డయాలసిస్ అయ్యాక అరగంట ఆగి చేస్తారు. డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన చేతి వైపు కాకుండా రెండో వైపు ఎలక్ట్రోడ్లు పెడతారు.

మామూలు కట్టుబాట్లు మీ యూనిట్ ప్రోటోకాల్‌లో ఉంటాయి: నాలుగు గంటలు ఖాళీ కడుపు, పన్నెండు గంటలు కష్టమైన వ్యాయామం వద్దు, ఒక రోజు ముందు నుంచి మద్యం వద్దు, పొద్దుటి కాఫీ పరీక్ష అయ్యాక. ఇవి కంఠతా పట్టడం ఎవరికైనా వస్తుంది. వీటిని మనిషికి అర్థమయ్యేలా అడగడమే రాదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు "ఖాళీ కడుపుతో రండి" అని ఫోనులో చెప్పేసి పెట్టేయకండి. షుగరు పడిపోయి దారిలోనే కూలబడితే ఏ రీడింగు కాపాడుతుంది? వాళ్ల సంగతి ముందు డాక్టరుగారిని అడగండి, తర్వాత ఫోను చేయండి.

మాటల దగ్గర జాగ్రత్త. ఒకసారి ఒకాయన్ని, "నిన్న రాత్రి మందు వేసుకున్నారా?" అని అడిగాను. నేనడిగింది బీపీ బిళ్ల. ఆయన భార్య వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "రెండే రెండు పెగ్గులు సిస్టర్" అన్నాడు. ఆమె ముఖం చూడాల్సింది. పరీక్షకు రెండు సంగతులూ కావాల్సినవే గానీ, ఆ సంసారంలో నేను పెట్టిన చిచ్చు ఎన్నాళ్లు రగిలిందో తెలియదు. అప్పట్నుంచి నేను 'బిళ్లలు' అంటాను. నీరు తీసే బిళ్లలు వాడుతున్నారా అనేది విడిగా అడుగుతాను. మద్యం సంగతి ఇంటావిడ బయటికి వెళ్లాక.

అలాగే 'బ్లాడర్ ఖాళీ చేయండి' అంటే ఎవరికీ తెలియదు. "ఒకసారి పాస్‌కు వెళ్లి రండి" అంటే లేచి వెళ్తారు. 'పేస్‌మేకర్ ఉందా' అంటే గుండెకు ఏది వేసినా తలూపేస్తారు, స్టెంటు వేయించుకున్నవాళ్లతో సహా. ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపిస్తూ, "ఇక్కడ చర్మం కింద బ్యాటరీలాంటిది పెట్టారా?" అనండి. పెట్టి ఉంటే బీఐఏ చేయకూడదు, అక్కడితో ఆపి డాక్టరుగారికి చెప్పండి. గర్భం సంగతి అత్తగారి ముందు అడగొద్దు. పక్కకు పిలిచి, "నెలసరి ఎప్పుడొచ్చింది తల్లీ?" అంటే చాలు. డెక్సా ఎక్స్‌రేతో చేసేది కాబట్టి ఆ జవాబు వచ్చేదాకా బల్ల ఎక్కించకూడదు. ఈ మధ్య బేరియం తాగారా, రంగు మందు ఎక్కించి సీటీ తీశారా అన్నదీ డెక్సాకు ముందే తెలియాలి. తీసి ఉంటే వాయిదా వేయాలి.

పుస్తెలతాడు, పిన్నీసులు

డెక్సాకు ఒంటి మీద లోహం ఉండకూడదు. ఇంగ్లిషు మాన్యువల్‌లో ఇది ఒక్క వాక్యం: నగలన్నీ తీయించండి. ఆ వాక్యం రాసినవాళ్లు మన పల్లె ఆడవాళ్లను చూసి ఉండరు. మెట్టెలు, పట్టీలు, గాజులు, ముక్కుపుడక, పుస్తెలతాడు, దానికి గుత్తిగా వేలాడే పిన్నీసులు అరడజను. మగవాళ్లకు మొలతాడు, దానికి వెండి బిళ్లో బీరువా తాళమో.

"అవన్నీ తీసేయండమ్మా" అని గదమాయించే సిస్టర్లను చూశాను. తీస్తారు, కానీ ఆ తర్వాత బల్ల మీద కళ్లు మూసుకుని బిగుసుకుపోయి పడుకుంటారు. ఒక పెద్దమ్మ మాత్రం తీయనంది. డెబ్బై ఏళ్లుంటాయి. నేను బతిమాలాను, విసుక్కున్నాను కూడా. చివరికి ఆమే దారి చూపించింది: "పసుపుతాడుకు ఒక పసుపు కొమ్ము కట్టివ్వు, అది మెడలో వేసుకుని ఇది తీస్తా." ఆస్పత్రిలో పసుపు కొమ్ము ఎక్కడ్నుంచి తేవాలి? క్యాంటీన్ వంటామె ఇచ్చింది. మర్నాటి నుంచి నా సొరుగులో దూదికట్ట పక్కన ఒక దారపు ఉండ, నాలుగు పసుపు కొమ్ములు. పదేళ్లలో ఎంతమంది మెడలో కట్టానో! ఆ సొరుగు తెరవగానే సగంమంది ముఖాలు విప్పారేవి. మీ ఊళ్లో పద్ధతి ఇంకోలా ఉండొచ్చు, మతం వేరు కావచ్చు. "దీని బదులు ఏం వేసుకుంటే మీకు మనసు కుదుటపడుతుంది?" అని ఒక్క మాట అడిగితే జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది.

తీసిన నగలు వాళ్ల కళ్లముందే చిన్న సంచిలో వేసి, వాళ్లతో వచ్చినవాళ్ల చేతికే ఇవ్వండి. మీ జేబులో వేసుకోవద్దు, ఒక్క నిమిషమైనా.

ఎత్తు కొలిచేటప్పుడు కొప్పు విప్పించండి. ఎత్తు అడిగి రాసుకోవద్దు, మగవాళ్లు ఎప్పుడూ ఒక అంగుళం కలుపుతారు. మిషను లెక్కలో ఎత్తును ఎత్తుతోనే హెచ్చిస్తారు, కాబట్టి అక్కడ చేసిన చిన్న తప్పు లోపలికెళ్లి పెద్దదవుతుంది. ఇక పాదాలు. ఎలక్ట్రోడ్ అంటించే చోట నూనె, క్రీము, పసుపు ఏమున్నా స్పిరిట్ దూదితో తుడవాలి. చెప్పకుండా పాదం పట్టుకోకండి. పెద్దవాళ్లు కాళ్లు వెనక్కి లాక్కుంటారు, "నువ్వు నా కాళ్లు పట్టుకోవడమేంటమ్మా" అని. "ఇది నా పని, కూతుర్ననుకోండి" అంటాను నేను. నవ్వి చాపుతారు.

36 శాతం

ఇప్పుడు నా సిగ్గు సంగతి చెప్పాలి.

ఆమెకు నలభై రెండేళ్లు. ఇంటి ముందే ఇడ్లీ బండి. షుగరు కొత్తగా బయటపడింది. ఆ రోజు ఓపీ కిటకిటలాడుతోంది. పరీక్ష మంచం సన్నంగా, ఇరుగ్గా ఉంటుంది. ఆమె కాస్త భారీ మనిషి. పడుకోబెట్టాను, నాలుగు స్టిక్కర్లు అంటించాను, బటన్ నొక్కాను. కొవ్వు 36 శాతం. రాసి పంపించాను. మొత్తం మూడు నిమిషాలు. నా స్పీడు చూసి నాకే ముచ్చటేసింది.

నెల తిరిగాక వచ్చింది. బరువు రెండు కిలోలు తగ్గింది, ముఖంలో వెలుగు. ఆ రోజు మిషను దగ్గర నా జూనియరు ఉంది. కేరళ అమ్మాయి, తెలుగు అప్పుడప్పుడే కూడబలుక్కుంటోంది. ఒక్కొక్కరికి పావుగంట పడుతోందని నేనే సణిగేదాన్ని. ఆ అమ్మాయి చేస్తే 39 శాతం వచ్చింది.

ఇడ్లీ బండి అక్క కాగితం రెండుసార్లు చూసుకుంది. "నెల రోజులు చట్నీ కూడా ముట్టలేదమ్మా" అంది. గొంతు పైకి రాలేదు.

నేను జూనియరును పక్కకు లాగి ఏం చేశావని అడిగాను. ఆ అమ్మాయి మాటల కోసం వెతుక్కోకుండా చేసి చూపించింది. దుప్పటిని మడతపెట్టి తొడల మధ్య పెట్టింది. చేతులు నడుముకు ఆనకుండా, ముప్పై డిగ్రీలైనా ఎడం ఉండేలా మంచం పక్కన స్టూలు వేసి దాని మీద ఆనించింది. కాళ్లు ఎడంగా. చేతికి, కాలికి మంచం ఇనుప చట్రం తగలకుండా అడ్డంగా గుడ్డ. చేతి వెనుక మధ్యవేలి కణుపు దగ్గర ఒక ఎలక్ట్రోడ్, మణికట్టు మీద ఒకటి. పాదం మీద వేళ్ల మొదట్లో ఒకటి, చీలమండ మీద ఒకటి. ఏ జతలోనైనా రెండింటి మధ్య కనీసం 5 సెంటీమీటర్లు, అన్నీ కుడివైపే. తర్వాత గడియారం చూపించి, పది వేళ్లు విప్పింది. పది నిమిషాలు కదలకుండా పడుకోనిచ్చిందన్నమాట, కాళ్లలోకి దిగిన నీరు ఒళ్లంతా సర్దుకోవడానికి.

అప్పుడర్థమైంది. నేను చేసినప్పుడు తొడలు రెండూ ఒరుసుకుని ఉన్నాయి, చేతులు పక్కటెముకలకు అతుక్కుని ఉన్నాయి. కరెంటు వెళ్లాల్సిన దారిలో వెళ్లకుండా అడ్డదారి పట్టింది. దారి చిన్నదైతే అడ్డం తగ్గుతుంది, అడ్డం తగ్గితే కొవ్వు తక్కువ కనిపిస్తుంది. అంటే 39 తప్పు కాదు. నా 36 తప్పు.

"మిషన్లు కదమ్మా, కొంచెం అటూ ఇటూ అవుతుంటాయి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట ఎంత సుఖమో మీకూ తెలుసు. మిషనుకు నోరు లేదు, ఎదురు చెప్పదు. కానీ ఆ మాట అంటే ఆమె ఈ మిషనును ఇక ఎప్పుడూ నమ్మదు. నమ్మకపోతే మూడోసారి రాదు.

"అక్కా, మొదటిసారి నేను నిన్ను సరిగ్గా పడుకోబెట్టలేదు. ఆ నంబరు తప్పు, తప్పు నాది. ఈ రోజు వచ్చినదే మొదటిదనుకో" అన్నాను. జూనియరు ముందే అన్నాను. అది కష్టమైంది.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "మరి నా నెల రోజులు?" అంది.

"రెండు కిలోలు తగ్గావు. నడుము చుట్టుకొలత 2 సెంటీమీటర్లు తగ్గింది. అది టేపుతో చూసింది, అందులో నా పొరపాటు లేదు. నీ నెల ఎక్కడికీ పోలేదు."

తప్పు ఒప్పుకోవాలనుకుంటే ఆ గంటలోనే ఒప్పుకోండి. సాయంత్రందాకా ఆగితే దానికి కారణాలు మొలుస్తాయి, మర్నాటికి అవి మనకే నిజమనిపిస్తాయి. ఆ కాగితం మీద పాత రీడింగు కొట్టేసి, పక్కన 'పొజిషన్ సరిగా లేదు' అని రాసి సంతకం పెట్టాను. రిజిస్టరులోనూ అంతే. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. నేను భయపడినదానిలో పదో వంతు కూడా జరగలేదు.

టేపు మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. నడుము కొలత లంగా బొందు కట్టే చోట కాదు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగ్గా మధ్యన. బొందు వదులు చేయించాలి, అందుకు తెర కావాలి, తెర లేకపోతే పరీక్ష వద్దు. ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. టేపు చూడగానే పొట్ట లోపలికి బిగబట్టడం మానవ సహజం. నేను "పిల్లలేం చదువుతున్నారు?" అని అడుగుతాను. జవాబు చెప్పడం పూర్తయ్యేసరికి ఊపిరి వదిలేస్తారు, పొట్ట తన చోటికి తాను వస్తుంది. మనవాళ్లకు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. చర్మం మడతను చేత్తో పట్టి కొవ్వు కొలిచే క్యాలిపర్ గురించి ఇక్కడ చెప్పను. అది చదివితే రాదు, సీనియరు పక్కన నిలబడి నేర్చుకోవాలి.

మళ్లీ డెక్సా దగ్గరికి వస్తే, దాని బల్లకు బరువు పరిమితి ఉంటుంది, వెడల్పు పరిమితీ ఉంటుంది. పాత బల్లలకు ఒకటి, కొత్తవాటికి ఒకటి. అది మనిషి వచ్చాక, బట్టలు మార్చుకుని బల్ల ఎక్కాక చూసుకునేది కాదు. అందరి ముందూ "ఈ బల్ల మీకు సరిపోదండీ" అనిపించుకున్న మనిషి మళ్లీ ఏ ఆస్పత్రి గడపా తొక్కడు. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే బరువు అడగండి, అప్పుడే చూసుకోండి. బల్ల ఎక్కినవాళ్లకు ఒక దుప్పటి కప్పండి, ఆ గది ఏసీకి ఒళ్లు వణికితే స్కాన్ చెడిపోతుంది. పాదాలు లోపలికి తిప్పి పట్టీతో కట్టేటప్పుడు, "కదలకుండా ఉండటానికే, వదులుగానే కడతా" అని ముందు చెప్పండి. ఏం చేయబోతున్నారో చెప్పి చేస్తే కట్టినా భయపడరు. చెప్పకుండా చేస్తే ముట్టుకున్నా ఉలిక్కిపడతారు.

నంబరు పైకి చదవొద్దు. బరువు మిషను దగ్గర నిలబడి "ఎనభై ఏడున్నర!" అని రిజిస్టరు రాసే అమ్మాయికి వినపడేలా అరవడం మన ఆస్పత్రుల్లో ఎప్పట్నుంచో ఉన్న జబ్బు. ఎనభై ఏడున్నర ఆమె వ్యవహారం. క్యూలో ఉన్న పక్కింటావిడది కాదు. కాగితం మీద రాసి చూపించండి. "బాగా లావున్నావు", "ఒంట్లో ఏమీ లేదు" లాంటి తీర్పులు మన ఉద్యోగంలో భాగం కావు. ఈసారి ఏ టైముకు చేశామో, ఏ పొజిషన్లో చేశామో, నెలసరి రోజులా కాదా అన్నదీ రాయండి. వచ్చేసారి అలాగే చేస్తేనే రెండు నంబర్లను పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ఇడ్లీ బండి అక్క మూడోసారి వచ్చింది. రాదేమో అనుకున్నాను. వచ్చేసరికి ముందే మెట్టెలు తీసి కొంగుకు ముడేసుకుంది. పాస్‌కు వెళ్లొచ్చిందట, నేను అడగకముందే చెప్పింది. మంచం మీద పడుకుని చేతులు తనే ఎడంగా పెట్టుకుంది. నేను ఎలక్ట్రోడ్ల ప్యాకెట్ చింపుతుంటే తల ఎత్తి నా వైపు చూసింది.

"దుప్పటి మడత ఏది సిస్టరూ? మళ్లీ మర్చిపోయావా?"